పసివారి నడక కొలది ప్రయాణము

ధ్యాన భాగము: ఆదికాండము 33వ అధ్యాయము, 12 నుండి 17 వచనములు



ఈ మాసము మన ధ్యానమునకు తీసికొనిన భాగము మిక్కిలి చిన్నది. ఇద్దరు అన్నదమ్ములు దారిలో నిలువబడి ఆడుకొనిన మాటలు తప్ప అందులో మరేమియు లేదు. కలిసి పోదము రమ్మని ఒకడు పిలుచుచున్నాడు. నీవు ముందు వెళ్లుము, నేను మెల్లగా వెనుక వచ్చెదనని రెండవవాడు చెప్పుచున్నాడు. అయినను చంటిబిడ్డను చంకనెత్తుకొని ఊరు దాటు ప్రతి తల్లికిని, మూటాముల్లె కట్టుకొని పనికి వలసపోవు ప్రతి కుటుంబమునకును కావలసిన మాట ఈ ఆరు వచనములలో గలదు.

సంగతి మీరెరిగినదే. యాకోబు ఇరువది ఏండ్లు మామయైన లాబాను ఇంట గొడ్డుచాకిరి చేసి తిరిగి స్వదేశమునకు వచ్చుచున్నాడు. ఏశావు నాలుగు వందలమంది మనుష్యులతో ఎదురు వచ్చెను. చంపుననుకొనిన అన్న కౌగిలించుకొని ఏడ్చెను. తరువాత ఏశావు, ఇక బయలుదేరుదము, నీకు ముందుగా నేను నడిచెదనని ప్రేమతోనే చెప్పెను. అప్పుడు యాకోబు తన వెనుక చూచుకొనెను. ఆ వెనుక ఎవరున్నారు? పదునొకండుమంది కుమారులు, దీనా అను కుమార్తె. లెక్క వేసి చూడుడి: ఏడు సంవత్సరములు కొలువు చేసిన తరువాతనే అతనికి వివాహమాయెను గనుక పెద్దవాడైన రూబేనునకు 12, 13 ఏండ్లకు మించి యుండవు. యోసేపు ఆరేడేండ్ల బాలుడు. వారితోకూడ పాలిచ్చు గొఱ్ఱెలు, మేకలు, పశువులు. వీటిని ఒక్కనాడు అతిగా తరిమినను మంద దక్కదని యాకోబు చెప్పెను. మందల నడకను బట్టియు పిల్లల నడకను బట్టియు తాను నడిచెదనని చెప్పెను.

యాకోబునకు అన్నయెడల భయము ఇంకను పోలేదనియు, తప్పించుకొనుటకే ఈ మాట చెప్పెననియు కొందరు వ్యాఖ్యానకర్తలు వ్రాసిరి. తరువాత అతడు శేయీరునకు వెళ్లక సుక్కోతునకు మరలెను గనుక ఆ మాటలో కొంత నిజముండవచ్చును. అయినను అతడు చెప్పిన కారణము అబద్ధము కాదు. మన ఊళ్లలో గొఱ్ఱెలు కాయువారిని అడుగుడి. ఈనిన గొఱ్ఱెను ఎండలో తరిమినయెడల ఏమగునో వారు చెప్పుదురు. ఆ పూట పుట్టిన పిల్లను కాపరి భుజముమీద వేసికొని మంద వెంట నడుచుటను మనమందరము చూచినవారమే.

ఇంకొక సంగతి గమనింపుడి. ఆ ఉదయముననే యాకోబు పెనూయేలు దాటి, తొడ గూడు వసిలి, కుంటుచు వచ్చెను. తానే కుంటుచున్నవాడు పసివాని నడకను ఎరుగును. దేవుని చేత ముట్టబడి బలము తగ్గినవాడే బలహీనుని కొరకు నిలువగలడు.

ఇందులోని ఉపదేశము ఒక్కటే: కుటుంబము ప్రయాణమైనప్పుడు నడక కొలతను నిర్ణయించవలసినది అందరిలో బలవంతుడు కాదు, అందరిలో చిన్నవాడు. ఆ చిన్నవాడు నోరు తెరచి చెప్పలేడు గనుక, నోరున్నవాడు అతని పక్షముగా చెప్పవలెను. నాలుగు వందలమందిని వెంటబెట్టుకొని వచ్చిన అన్న యెదుట, మేము అంత వేగముగా రాలేమని యాకోబు చెప్పెను. నేడు మన యిండ్లలో ఆ మాట ఎవరు చెప్పుచున్నారు?

మన కాలపు ప్రయాణములు

పూర్వము మన పల్లెలలో చంటిబిడ్డ తల్లి ఎక్కువగా ప్రయాణము చేసెడిది కాదు. పురిటికి పుట్టింటికి పోవుట, మూడవ నెలనో అయిదవ నెలనో బిడ్డతో అత్తవారింటికి వచ్చుట, ఇంతే. ఇప్పుడు అట్లు కాదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు ఖర్చు లేదు. బీద తల్లికి ఇది గొప్ప మేలు. ఆసుపత్రికిని, పుట్టింటికిని, కూటములకును బిడ్డతో వెళ్లగలుగుచున్నది. అయితే బస్సులలో నిలుచుటకైనను చోటు లేని దినములును వచ్చినవి.

ఇవిగాక కూటికొరకైన ప్రయాణములున్నవి. సంక్రాంతి దాటగానే మిరపకాయ కోతలకు గుంటూరు, ఖమ్మము ప్రాంతములకు ముఠాలుగా పోవువారు, పాలమూరు నుండి దూరపు పట్టణములకు మట్టిపనికిని కట్టుబడి పనికిని పోవువారు, శీతకాలము మొదలుకొని వానలు పడువరకు ఇటుక బట్టీలలో ఉండువారు మన సంఘములలో ఉన్నారు. ఒడిశా నుండి మన ఊళ్ల చెంతనున్న బట్టీలకు వచ్చు కుటుంబములును ఉన్నవి. వీరందరి వెంట పిల్లలున్నారు. మేస్త్రీ వద్ద అడ్వాన్సు తీసికొనిరి, లారీ ఈ రాత్రికే బయలుదేరును, ఎక్కవలెను. ఇరువది దినముల బాలింత అయినను ఎక్కవలెను. యాకోబు మాట ఇచ్చట చెప్పవలసిన మాట.

1. ఫరో చెప్పిన మాట

నిర్గమకాండము 10వ అధ్యాయములో మోషే, మేము వెళ్లి దేవుని సేవించెదమని ఫరోను అడిగినప్పుడు, ఎవరెవరు వెళ్లుదురని ఫరో అడిగెను. చిన్నవారిని పెద్దవారిని, కుమారులను కుమార్తెలను వెంటబెట్టుకొనియే వెళ్లెదమని మోషే చెప్పెను. ఫరో ఒప్పుకొనలేదు. పురుషులు మాత్రము పోవచ్చుననెను. పిల్లలు వెనుకనుండినయెడల తండ్రులు దూరము పోరని వానికి తెలియును.

ఈ మాట మన నోట వచ్చుచున్నదేమో చూచుకొనవలెను. కూటములకు సంఘము బయలుదేరునప్పుడు, చంటిపిల్లల తల్లులు రానక్కరలేదు, పిల్లలు ఏడ్చి ప్రసంగము చెడగొట్టుదురని చెప్పువారున్నారు. ఆ తల్లి మూడేండ్లు ఒక బిడ్డను, మూడేండ్లు మరియొక బిడ్డను పెంచునంతలో ఆరేండ్లు వాక్యము లేక యుండును. పిల్లలు ఏడ్చినయెడల ఏడ్వనిండు. తల్లులకు గాలి తగులుచోట, బయటికి వెళ్లుటకు వీలుగా ద్వారము దగ్గర ఒక చాప వేసిన చాలును.

అయితే ప్రతి ప్రయాణమునకు ప్రతి బిడ్డను ఈడ్చుకొని పోవలెనని దీని భావము కాదు. బడికి పోవు పిల్లవానిని బట్టీకి తీసికొనిపోయినయెడల వాని చదువు ఆ యేటితో పోవును. వలస కుటుంబముల పిల్లల కొరకు కొన్ని చోట్ల బడులయందు సీజనల్ హాస్టళ్లు నడుపబడుచున్నవి. బయలుదేరుటకు ముందే ప్రధానోపాధ్యాయుని అడుగుడి. అవ్వ, తాత చూచుకొనగలిగిన చోట ఉంచుడి. గాని పాలు త్రాగు బిడ్డను తల్లినుండి వేరుచేయకుడి. ఎవరిని వెంట తీసికొనవలెనో, ఎవరిని ఉంచవలెనో మేస్త్రీ అనుకూలమును బట్టి కాక, బిడ్డ మేలును బట్టి నిశ్చయింపవలెను.

2. దాది తొందర

సమూయేలు రెండవ గ్రంథము 4వ అధ్యాయము 4వ వచనములో ఒక పసివాని ప్రయాణమున్నది. యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు అప్పుడు అయిదేండ్లవాడు. సౌలును యోనాతానును యుద్ధములో మరణించిరని వార్త రాగానే, దాది వానిని ఎత్తుకొని పరుగెత్తెను. ఆ తొందరలో బిడ్డ పడెను. రెండు కాళ్లును కుంటివాయెను. ఆ దాదిని మనము నిందింపలేము. ఆమె వానిని వదలిపోలేదు, ప్రాణము కాపాడవలెనని ఎత్తుకొనెను. ప్రేమ లేక కాదు, తొందరవలననే ఆ బిడ్డ జీవితకాలమంతయు కుంటివాడాయెను.

మన తొందరలు చూడుడి. బస్సు ఇంకను ఆగకమునుపే తువాలు వేసి సీటు పట్టుట మనకలవాటు. కొందరు తువాలుతో తృప్తిపడక, కిటికీలోనుండి బిడ్డనే లోపలికి అందించుదురు. బస్సు కదలినయెడల బిడ్డ లోపల, తల్లి బయట. ఆ సీటు కన్న బిడ్డ విలువ తక్కువయా? ఒక బస్సు పోయినయెడల మరియొకటి వచ్చును.

మోటారుసైకిలు సంగతి మరింత కష్టమైనది. ముందు పెట్రోలు ట్యాంకుమీద ఒకడు, మధ్యలో ఒకతె, వెనుక తల్లి ఒడిలో చంటివాడు. చల్లగాలికి ముందున్న పిల్లవాడు తూగును. తొమ్మిది నెలలు మొదలుకొని నాలుగేండ్ల వరకు గల పిల్లలకు తలకు సరిపడు హెల్మెట్టు ఉండవలెననియు, నాలుగేండ్ల లోపు పిల్లలను నడుపువానికి కలిపి పట్టీతో కట్టవలెననియు, వారు బండిమీద ఉన్నప్పుడు గంటకు 40 కిలోమీటర్లు మించి పోరాదనియు ప్రభుత్వము 2022లో నిబంధన చేసినది. అది 2023 ఫిబ్రవరి నుండి అమలులో ఉన్నది. పోలీసులు ఆపుదురో ఆపరో, అది వేరు సంగతి. ఆ కొలత యాకోబు చెప్పిన కొలతయే.

ట్రాక్టరు ట్రక్కు ధాన్యమునకు చేసినది, మనుష్యులకు కాదు. సరకు బండిలో మనుష్యులను ఎక్కించుట చట్టమునకు విరోధము. పెండ్లికైనను కూటములకైనను పిల్లలతో ట్రక్కునిండ ఎక్కి రాత్రివేళ పోవుట మానుకొనవలెను. సంఘము డబ్బు కూర్చి బస్సు మాట్లాడుకొనలేనియెడల రెండు జట్లుగా బస్సులో పోవచ్చును. ఒక పాట తప్పిపోయినను పరవాలేదు.

కొందరు, యోసేపు రాత్రివేళనే శిశువును తల్లిని తీసికొని ఐగుప్తునకు పరుగున పోలేదా అని అడుగవచ్చును. పోయెను. హేరోదు ఖడ్గము వెనుకనుండగా తెల్లవారువరకు అతడు కూర్చుండలేదు. బిడ్డకు ఆపద వచ్చినప్పుడు ఆలస్యము చేయువాడు బుద్ధిహీనుడు. అది బిడ్డ కొరకైన తొందర. మన తొందరలలో అనేకములు బిడ్డ కొరకైనవి కావు, బిడ్డమీద వేసినవి. ఆ రెంటికి గల భేదము ప్రతి తండ్రి తెలిసికొనవలెను.

3. పాలిచ్చు తల్లి

యాకోబు పిల్లలను గూర్చి మాత్రమే చెప్పలేదు, పాలిచ్చువాటిని గూర్చియు చెప్పెను. తల్లి అలసినయెడల పిల్ల బ్రదుకదని కాపరి ఎరుగును. కాబట్టి బిడ్డతో ప్రయాణములో మొదట చూడవలసినది తల్లి ఆహారము, తల్లి నీరు, తల్లి కూర్చుండు చోటు.

పుట్టినది మొదలు ఆరు నెలలు నిండువరకు బిడ్డకు తల్లిపాలు చాలును. మండువేసవిలోనైనను నీళ్లు పట్టనక్కరలేదని వైద్యులు చెప్పుచున్నారు. ఆ నీరు త్రాగవలసినది తల్లి. ఇంటినుండి కాచి చల్లార్చిన నీరు పెద్ద సీసాతో తెచ్చుకొని, దాహము వేయకమునుపే కొంచెము కొంచెముగా త్రాగుచుండవలెను. బస్సులో మూత్రమునకు ఇబ్బంది యగునని పస్తుతో దాహముతో కూర్చుండు తల్లులు అనేకులు. డ్రైవరుతో చెప్పి బండి ఆపించుటకు పురుషులు సిగ్గుపడకూడదు. దారిలో పాలసీసా వాడుట మంచిది కాదు. దానిని శుభ్రముగా మరిగించుటకు వీలుండదు, అందునుండి విరేచనములు పుట్టును. తల్లి పాలిచ్చుటకు కూర్చుండినప్పుడు ప్రక్కనున్న పురుషుడు లేచి చోటిచ్చి ముఖము త్రిప్పుకొనుట కూడ దేవుని సేవయే.

రైలులో అయిదేండ్ల లోపు బిడ్డకు టిక్కెట్టు లేదు, బెర్తును లేదు. తల్లియు బిడ్డయు ఒకే పలకమీద పండుకొనవలెను. 2022 మే మాసములో లక్నో మెయిలులో క్రింది బెర్తు ప్రక్కన శిశువులకు చిన్న పడకలు అమర్చి రైల్వేవారు ప్రయోగము చేసిరి. అట్టిది మనకు దొరకనప్పుడు క్రింది బెర్తునే అడిగి, బిడ్డను గోడవైపున పండబెట్టి, తల్లి అంచువైపున పండుకొనవలెను. క్రింది బెర్తు దొరికిన యువకుడు, పసిబిడ్డ తల్లిని పై బెర్తునకు ఎక్కనిచ్చి తాను హాయిగా నిద్రించినయెడల, వాని బైబిలు సంచిలోనున్నను ప్రయోజనమేమి?

ఎండను గూర్చి ఒక మాట. యాకోబు సుక్కోతు చేరి మొట్టమొదట చేసినది ఏమి? తనకు ఇల్లు కట్టుకొని, పశువులకు పాకలు వేయించెను. ఆ పాకలను బట్టియే ఆ చోటికి పేరు వచ్చెను. పనిచోటు చేరగానే పిల్లలకు నీడ చూచుట మొదటి పని. మిరపచేలో గట్టుమీద ఎండలో బిడ్డను పండబెట్టి సాలు పట్టరాదు. నాలుగు కఱ్ఱలు, ఒక పాత చీర చాలును. ముఠాలో ఒక వృద్ధురాలిని పిల్లల వద్ద కూర్చుండబెట్టి, ఆమె కూలి అందరు కలిసి ఇయ్యవలెను.

దారిలో బిడ్డకు విరేచనములు పట్టినయెడల ఓ.ఆర్.ఎస్. పొట్లము ప్రాణము నిలుపును. అది ఆశా కార్యకర్త వద్దను ప్రభుత్వ ఆసుపత్రిలోను దొరకును. పెద్ద పొట్లమును ఒక లీటరు శుభ్రమైన నీటిలో కలుపవలెను. చిన్న పొట్లమైనయెడల దానిమీద వ్రాసిన కొలత చూడవలెను. చెంచాతో కొంచెము కొంచెముగా పట్టుచుండవలెను. కలిపిన నీరు ఒక దినము దాటినయెడల పారబోయవలెను. దుకాణములలో అమ్ము తీపి పానీయములు దీనికి బదులు కావు. విరేచనములలోనైనను తల్లిపాలు మానరాదు. బిడ్డ కండ్లు లోతుకు పోయినను, మాడు గుంటపడినను, మూత్రము తగ్గినను, పాలు త్రాగక మత్తుగా పడియున్నను ఇక ప్రయాణము సాగించరాదు. అప్పుడు 108కి ఫోను చేసి ఆసుపత్రికి పరుగెత్తవలెను. యోసేపు రాత్రివేళ లేచిన తొందర అదియే.

4. బృందములో ఉన్నాడనుకొనుట

యేసుప్రభువు పండ్రెండేండ్లవాడై యుండగా తలిదండ్రులు పస్కాకు యెరూషలేము తీసికొనివెళ్లిరి. తిరిగి వచ్చునప్పుడు ఒక దినపు దారి నడచిన తరువాత ఆయన లేడని చూచుకొనిరి. ఎందుకు ఇంత ఆలస్యమాయెను? బంధువులలో, ఊరివారిలో ఎక్కడనో ఉన్నాడని అనుకొనిరి. మరియ యోసేపులకంటె శ్రద్ధగల తలిదండ్రులెవరు? అయినను ఆ "అనుకొనుట" వలన మూడు దినముల తరువాత గాని ఆయన కనబడలేదు.

పెద్ద గుంపుతో పోవునప్పుడు పిల్లలు తప్పుట ఇట్లే జరుగును. తండ్రి, తల్లి వద్ద నున్నాడనుకొనును. తల్లి, మేనత్త వద్ద నున్నాడనుకొనును. క్రిస్మసు దినమున మెదకు దేవాలయమునకు వెళ్లినవారు ఆ జనసమూహమును ఎరుగుదురు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ ఆలయమునకు నేటికిని ఆ దినమున వేలకొలది కుటుంబములు పసిబిడ్డలతో వచ్చుచున్నవి. అంత గుంపులో నాలుగేండ్ల పిల్లవాని కంటికి కనబడునవి పెద్దల మోకాళ్లు మాత్రమే.

కావున ప్రతి బిడ్డకు పేరుపేరున ఒక పెద్దవానిని బాధ్యునిగా నియమింపుడి. "అందరు చూచుకొనుడి" అన్నయెడల ఎవరును చూడరు. బిడ్డ పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోను నంబరు చీటీమీద వ్రాసి చొక్కా లోపలి జేబులో పెట్టి కుట్టుడి. మాటలు వచ్చిన బిడ్డకు తండ్రి పేరును ఊరి పేరును పాటవలె నేర్పుడి. బస్సు ఎక్కునప్పుడు లెక్కించుడి, దిగునప్పుడు లెక్కించుడి. తప్పినయెడల ఏడ్చుచు తిరుగక వెంటనే పోలీసులకు చెప్పుడి. పిల్లల సహాయమునకు 1098, రైలులోనైనయెడల 139 నంబరు గలదు. దొరకిన బిడ్డను కొట్టకుడి. దేవాలయములో కుమారుని కనుగొన్నప్పుడు మరియ దుఃఖముతో ప్రశ్నించెను గాని చెయ్యి ఎత్తెనని వ్రాయబడలేదు.

5. అహవా నది యొద్ద

ఇప్పుడు సంఘము చేయవలసినది చెప్పెదను. ఎజ్రా గ్రంథము 8వ అధ్యాయములో, బబులోను నుండి యెరూషలేమునకు పోవు కుటుంబములు అహవా నది యొద్ద దిగిరి. నాలుగు నెలల ప్రయాణము. దారిలో దొంగల భయము. రాజును సైనికులనడుగుటకు ఎజ్రా సిగ్గుపడెను. దేవుడే మాకు తోడని ముందుగానే చెప్పియుండెను. అప్పుడతడు ఉపవాసము ప్రకటించెను. ఎవరి నిమిత్తము? తమ నిమిత్తము, తమ ఆస్తి నిమిత్తము, తమ చిన్నపిల్లల నిమిత్తము. ఆ ప్రార్థనలో చిన్నపిల్లలను వేరుగా పేర్కొనిరి.

ప్రార్థనతోనే ఎజ్రా ఊరకుండలేదు. వెండి బంగారములను తూచి యాజకులకు అప్పగించెను. యెరూషలేము చేరిన నాల్గవ దినమున మరల తూచి లెక్క చూచుకొనిరి. బయలుదేరిన తూకము చేరిన తూకముతో సరిపోయెను. ప్రార్థించువాడు లెక్క పెట్టనక్కరలేదని ఎవడును తలంపకూడదు. వెండినే అట్లు తూచి అప్పగించినయెడల మన పిల్లలను ఎట్లు అప్పగించవలెను?

కుటుంబములు పనులకు బయలుదేరుటకు ముందటి ఆదివారమున ప్రతి సంఘము ఇట్లు చేయవచ్చును. వెళ్లు కుటుంబములను ముందుకు పిలిచి, పిల్లల పేర్లు చదివి ప్రార్థింపుడి. పిల్లల పేర్లు, వయస్సులు, పోవు చోటు, మేస్త్రీ ఫోను నంబరు సంఘపు పుస్తకములో వ్రాసికొనుడి. బిడ్డ టీకాల కార్డు మూటలో ఉన్నదో లేదో స్త్రీల సమాజమువారు చూడుడి. ఆరు, పది, పదునాలుగు వారములకును, తొమ్మిదవ నెలకును వేయవలసిన టీకాలు ఊరు మారిన కారణముచేత మానరాదు. వెళ్లిన చోటి ప్రభుత్వ ఆసుపత్రిలో వేయుదురు. అక్కడి అంగన్‌వాడీలో బిడ్డ పేరు వ్రాయించుకొనవలెను. ప్రతి మూటలో నాలుగు ఓ.ఆర్.ఎస్. పొట్లములు సంఘమే పెట్టి పంపవచ్చును. తిరిగి వచ్చిన ఆదివారమున అదే పుస్తకము తెరచి పేర్లు మరల చదువుడి. ఎజ్రా తూకమువలె లెక్క సరిపోయినప్పుడు స్తుతి చెల్లింపుడి.

బాలింతను ఆ రాత్రి లారీ ఎక్కుమని మేస్త్రీ బలవంతము చేసినప్పుడు, ఆమె ఒంటరిగా ఎదిరించలేదు. భర్తయు అడ్వాన్సు తినినవాడు గనుక తల వంచును. అప్పుడు సంఘపు పెద్దలు ఇద్దరు వెళ్లి, "అయ్యా, మీరు ముందు పొండి. ఈ తల్లి బిడ్డ నిలదొక్కుకొనిన తరువాత వచ్చును" అని మర్యాదగాను గట్టిగాను చెప్పవలెను. ఆ నెల ఆమె ఇంట కుండ ఎట్లు కాగునో అదియు సంఘమే చూడవలెను. బియ్యము ఇయ్యక మాట మాత్రము చెప్పినయెడల ఆమె మరునాటి లారీ ఎక్కును.

మన ఊరి చెంత బట్టీలో ఒడిశానుండి వచ్చిన పిల్లలున్నయెడల, వారిని గూర్చియు దేవుడు మనలను అడుగును. మన పిల్లలు పరాయి ఊరిలో ఎవరి కన్నులకు కనబడవలెనని కోరుచున్నామో, ఆ కన్నులు వారికి మనమే. తూరు పట్టణమునుండి పౌలు బయలుదేరినప్పుడు విశ్వాసులు భార్యలతో పిల్లలతో సముద్రతీరమువరకు వచ్చి మోకాళ్లూని ప్రార్థించి సాగనంపిరని అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయములో చదువుచున్నాము. వారు పౌలును ఎరిగినది ఏడు దినములే.

మనలను నడిపించువాడు

ప్రియులారా, ఇదంతయు ఊరక మంచి బుద్ధులుగా చెప్పలేదు. మనలను నడిపించు దేవుడు ఇట్టివాడు గనుకనే చెప్పితిని. ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచినప్పుడు ఫిలిష్తీయుల దేశపు దారి దగ్గరైనను ఆయన దానిని తప్పించి, చుట్టుదారిని నడిపించెను. యుద్ధము చూచి వారు వెనుకకు తిరుగుదురని ఎరిగెను. తండ్రి కుమారుని ఎత్తుకొనినట్లు అరణ్యమంతట వారిని ఎత్తుకొని వచ్చెనని మోషే వారికి జ్ఞాపకము చేసెను. ఆయన గొఱ్ఱెపిల్లలను రొమ్మున చేర్చుకొని పాలిచ్చువాటిని మెల్లగా నడిపించు కాపరియని యెషయా 40వ అధ్యాయము తెలుపుచున్నది. యాకోబు సుక్కోతు దారిలో చేసినదే దేవుడు మన దారి పొడుగున చేయుచున్నాడు.

మన ప్రభువు తానే చంటిబిడ్డయై తల్లి ఒడిలో పరదేశమునకు ప్రయాణము చేసెను. బస్‌స్టాండులో పొత్తిగుడ్డల మూటతో నేలమీద కూర్చున్న తల్లిని చూచినప్పుడు, ఐగుప్తు దారినపోయిన ఆ తల్లిని జ్ఞాపకము చేసికొనుడి. లేచి చోటిచ్చుటకు, సంచి అందుకొనుటకు, నీళ్ల సీసా నింపి తెచ్చుటకు మరి ఏ ఉపదేశమును అక్కరలేదు.

రేపు మీ ఇంట ఎవరైన "త్వరగా రండి" అని కేక వేయునప్పుడు వెనుకకు తిరిగి చూడుడి. వరుసలో చివరనున్న చిన్న పాదములు ఎంత దూరములో ఉన్నవో చూచి, వాటికొరకు నిలువుడి.

ప్రార్థింతము: కాపరివైన ప్రభువా, ఈ మాసము దారిలోనున్న ప్రతి తల్లిని, ప్రతి బిడ్డను నీ చేతికి అప్పగించుచున్నాము. బలముగలవారమైన మాకు ఓపిక నిమ్ము, నోరుగలవారమైన మాకు ధైర్యము నిమ్ము. వెళ్లిన పిల్లలందరిని లెక్క తప్పక మరల మా మధ్యకు చేర్చుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.